నాలుగో వాయి నూనె

లెలె చేపలు తీసేసిన మూకుడు దించి, నూనెను గుడ్డలోంచి డబ్బాలోకి వడకట్టింది నర్మి. ఇంకా తేనె రంగులోనే ఉంది. పొద్దున్నే కొత్త పొట్లం కత్తిరించి పోసిన నూనె. మొగుడు దర్సొనొ చేపలు అందులో వేగాయి. రేపు అదే నూనెలో అత్తగారికీ, కొడుకు బాగస్‌కీ పులియబెట్టిన సోయా టెంపె ముక్కలు వేగుతాయి. ఎల్లుండి ఇంటిల్లిపాదికీ అప్పడాలు. ఆ తర్వాత, అడుగున మడ్డి చేరి, డికాక్షన్ రంగుకి తిరిగి, పొయ్యెక్కగానే మాడు వాసన కొట్టే నూనె నర్మిది. తన వాటా టెంపె, తన వాటా తోకముక్క అందులో వేయించుకుంటుంది. ఈ పద్ధతి ఎవరూ గోడ మీద రాసి పెట్టలేదు. కాపురానికి వచ్చిన రెండో వారంలో అత్తగారు ఆ డబ్బా చేతికిచ్చి, "కొత్త నూనెలో మా వాడికి వెయ్యి. నల్లబడ్డాక నువ్వు వాడుకో, పారబొయ్యకు" అన్నారు. అంతే. పద్నాలుగేళ్ళుగా అలాగే నడుస్తోంది.

ఇవాళ అత్తగారు ఇంకో మాట కలిపారు. తొమ్మిదేళ్ళ కూతురు సెకర్ కంచం ముందు కూర్చోగానే, "దీనికి కూడా ఇక నీ దాంట్లోనే వెయ్యి. ఆడపిల్ల, ఇప్పట్నుంచే అలవాటు కావాలి" అన్నారు మామూలుగా, మంచినీళ్ళు అందుకుంటూ. సెకర్ తలూపింది. ఆ తలూపడం నర్మి చూసింది. తనకి పోసినప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పుడు వస్తోంది, అదీ కోపంతో.

కిందటి నెల జిల్లా ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. నర్మి కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. నడుం తొంభై నాలుగు సెంటీమీటర్లు. ఇంటికొచ్చే దారిలో బండి నడుపుతూ దర్సొనొ ఒక్కటే అన్నాడు: "ఇంట్లో అందరం ఒకటే నూనె తింటున్నాం కదా. నాకు పట్టని కొవ్వు నీకే ఎందుకు పట్టింది? వంటింట్లో నిలబడి ఏం మెక్కుతున్నావో నీకే తెలియాలి." పక్కింటి విందులో ఆ సంగతే నవ్వులాటగా మారింది. "మా ఇంట్లో నూనె ఎటు పోతోందో మా ఆవిడ నడుం చూస్తే తెలిసిపోతుంది!" అన్నాడు అందరి ముందూ. అందరూ నవ్వారు. సిగ్గులేకుండా తనూ నవ్వింది. తెల్లారుజామున నాలుగున్నరకి లేచి, అందరూ తిన్నాక గిన్నెలు తోమేముందు నిలబడి తినే మనిషి, ఆ మాటకి నవ్వింది!

పోషకాహారం చూసే ఎందాంగ్ మాత్రం నవ్వలేదు. ఆరోగ్య కేంద్రంలో ఆ అమ్మాయికి సాయంగా నర్మి జీతం లేని వలంటీరు. నెలనెలా ఊరి హాల్లో జరిగే ఆరోగ్య శిబిరం, పోసియందులో బరువులు చూస్తుంది, నడుములు కొలుస్తుంది, ఇంటింటి కాగితాలు నింపుతుంది. తన స్కానింగ్ కాగితం చూపించినప్పుడు ఎందాంగ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. పెద్దవాళ్ళని పిలిచినట్టు 'బూ' అంటూ మొదలుపెట్టింది.

"చూడండి బూ నర్మి, ఏ నూనె అయినా గ్రాముకి తొమ్మిది కేలరీలే. కానీ ఒంట్లోకి వెళ్ళాక అన్నీ ఒకలా నడుచుకోవు. కొబ్బరి నూనెలో కొంత భాగం సరాసరి కాలేయానికి వెళ్ళి ఖర్చయిపోతుంది. అలాగని గిన్నెడు తాగితే సన్నబడిపోరు. పామాయిల్లో గట్టిపడే కొవ్వు ఎక్కువ, మితిమీరితే పొట్టలోనూ కాలేయంలోనూ చేరుతుంది. ఇక మళ్ళీ మళ్ళీ కాగిన నూనె ఉందే, అది చెడిపోయిన సరుకు. దాంతో వేగడం ఒంటికి కష్టం. మీ ఇంట్లో ఎన్నిసార్లు కాస్తారు?"

"ఎవరికి?" అంది నర్మి.

ఎందాంగ్‌కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నర్మికి మాత్రం అడిగాక అర్థమైంది. ఆరేళ్ళుగా నలభై ఇళ్ళ కాగితాలు తన చేత్తోనే నింపింది. అందులో నూనెకి ఒకే గడి, ఇంటికి ఒకే జవాబు: పామాయిల్, నెలకి ఇన్ని లీటర్లు. ఏ వాయి ఎవరి కంచంలోకి వెళ్తోందని ఒక్క ఇంట్లోనూ అడగలేదు. అడగాలని తట్టలేదు, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన అదే డబ్బా ఉంది. తన ఇంట్లో ఉన్నదాన్ని వింతగా ఎవరు చూస్తారు?

"దానివల్లే మీకిలా అయిందని నేను చెప్పలేను" అంది ఎందాంగ్, నర్మి చెప్పింది విని. "కానీ ఆపెయ్యమని చెప్పగలను. ఇవాళే."

నర్మి ఆ మాట ఇంట్లో ఇవాళ చెప్పింది, సెకర్ తలూపాక. దర్సొనొ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. అతను ఊరి ఆఫీసులో కార్యదర్శి. ఇవాళ పోసియందులో నలభై ఇళ్ళ నివేదిక చదవాల్సింది అతనే.

"చూడు, ఆ ఎందాంగ్ చెవిలో ఊదింది నువ్వు అక్కడ కక్కకు. ఇంటి గుట్టు వీధిలో పెట్టావంటే మా అమ్మ తలెత్తుకోలేదు. విన్నావా?"

"విన్నాను, మస్" అంది, మొగుణ్ణి ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే.

పోసియందు హాలు నిండా చాపలు, చాపల నిండా ఆడవాళ్ళు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో అత్తగారు. నర్మి కొలత టేపు మెడలో వేసుకుని బల్ల దగ్గర నిలబడింది. దర్సొనొ మైకు ముందు గొంతు సవరించుకున్నాడు.

"మన ఊళ్ళో నలభై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో సగానికి పైగా నడుం కొలత హద్దు దాటింది. కారణాలు: ఒళ్ళు వంచకపోవడం, బజ్జీలు, చిరుతిళ్ళు."

కిసుక్కుమని నవ్వులు. బూ తుమిని తన నడుం మడత తానే గిల్లుకుని, "దొరికిపోయామర్రా!" అంది. ఈ తుమిని రోజుకి రెండు బిందెల బియ్యం కడిగి హోటలుకి వండి పంపే మనిషి. వెనక వరసలో సెకర్ తోటిపిల్లలతో కూర్చుని, అందరితోపాటు తనూ నవ్వుతోంది.

"మస్, ఆ కారణాలు నేను రాయలేదు" అంది నర్మి.

మైకు లేకపోయినా మాట వినబడింది. దర్సొనొ నవ్వుముఖంతోనే, "తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ నవ్వు వెనక ఏముందో నర్మికి తెలుసు. నాలుగు రోజుల మౌనం ఉంది, విసిరేసిన కంచం ఉంది.

"కాగితాలు నింపింది నేను. కారణాల గడి ఖాళీగా వదిలాను. నింపింది మీరు." ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మీలో కొత్త నూనెలో వేయించింది ఎవరు తింటారు? చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు.

"సరే. మీ ఇంట్లో నల్లబడ్డ నూనె ఎవరిది? మూడో వాయి, నాలుగో వాయి?"

"నర్మీ!" అన్నాడు దర్సొనొ. మైకులో ఆ పిలుపు హాలంతా మోగింది.

నర్మి తన చెయ్యి ఎత్తింది. ఒక్కతే. ఎంతసేపు నిలబడిందో తెలియదు, భుజం లాగడం మొదలైంది. తుమిని నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఆమె చెయ్యి లేచింది. దాని వెనక ఇంకోటి, గోడవార నుంచి రెండు, తర్వాత లెక్క తప్పింది. బల్ల అవతల ఎందాంగ్ కలం పట్టుకుని అలాగే చూస్తోంది.

అప్పుడు ముందు వరసలో అత్తగారు, కుర్చీ చెయ్యిని ఓ చేత్తో పట్టుకుని రెండోది పైకెత్తారు.

"అమ్మా, నీకేమైనా మతిపోయిందా? దించు!" అన్నాడు దర్సొనొ.

"నువ్వూరుకోరా. మీ తాత తిన్నాక, మీ నాన్న తిన్నాక, నువ్వు తిన్నాక మిగిలింది నేను తిన్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు." కోడలి వైపు తిరిగారు. ముఖంలో ఇంకా ఆ అధికారం తగ్గలేదు. "రాయవే, చూస్తావేం?"

నర్మి కాగితం వెనక్కి తిప్పి అత్తగారి పేరు రాసింది, ఏళ్ళు రాసింది.

"తర్వాత నా కోడలికి నేనే పోశాను. ఇవాళ నా మనవరాలికి కూడా పొయ్యమన్నాను" అన్నారు అత్తగారు. "అది కూడా రాయి."

నర్మి రాసింది.