పేరు పెట్టే ప్రార్థన

మా ఇంట్లో బిడ్డకు పేరు పాస్టరుగారు పెట్టరు, తండ్రే పెడతాడు. బిడ్డను ఎత్తుకుని, ప్రార్థన చేసి, పేరు చెప్పి ఆమెన్ అంటాడు. రెండు నిమిషాల పని. ఆళ్లగడ్డలో లెక్కల టీచరైన నా తమ్ముడు ఎలీషాకు ఆ పని నెలల తరబడి తెమల్లేదు. వాడి కూతురు పేరు లేకుండానే బోర్లా పడింది. పేరు సంగతి అటుంచి, వాడు బిడ్డను ఒక్కసారి ఎత్తుకున్నది కూడా లేదు.

"నా బిడ్డంటే ఆయనకు ఇష్టం లేదొదినా. నేను అవుకు పోతా, మా అమ్మోళ్ల ఊరికి. ఇంక రాను" అంది మరదలు సిరి ఫోన్లో. ఊరికే బెదిరించే మనిషి కాదు. నేను నంద్యాలలో కుట్టుమిషను ఆపేసి ఆళ్లగడ్డ బస్సెక్కాను.

"ఏందిరా ఇది?" అన్నాను.

"పాపను ముట్టుకునే ముందు ప్రార్థన చేసుకోవల్ల అక్కా. యాడో ఒక మాట తప్పుపోతాండాది. మళ్లా మొదట్నుంచి చెప్తా. మళ్లా తప్పుపోతాది."

ఇది నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకునేవాళ్లం. వాడు ప్రార్థనలో మాట తడబడితే మొదటికి వచ్చేవాడు. "పండుకోరా, దేవుడు గూడా పండుకోవల్ల గదా" అని నేను అటు తిరిగి నిద్రపోయేదాన్ని. మా అమ్మ కమలమ్మ మాత్రం మురిసిపోయేది. నా కొడుకు చిన్న పాస్టరని చర్చి అంతా చెప్పుకునేది. చర్చివాళ్లు కూడా వాణ్ణి చూపించి తమ పిల్లల్ని తిట్టేవాళ్లు. తెల్లారి వాడి కళ్లు ఎర్రగా ఉంటే అదీ భక్తే అనుకున్నాం. జ్వరమైతే మాత్రో మందో వేసేవాళ్లం. దీనికి పాలు పోసి పెంచాం.

ఇద్దర్నీ నంద్యాలకు తీసుకొచ్చి, అమ్మనూ వెంటబెట్టుకుని మనసు డాక్టరమ్మ దగ్గరికి పోయాను. తప్పు పోతే ఏమవుతుందని భయం అని ఆమె అడిగింది.

"చిన్నప్పుడు, అమ్మ చచ్చిపోతాదని" అన్నాడు ఎలీషా తల వంచుకుని. "పెండ్లయినాక సిరి. ఇప్పుడు పాప."

తొమ్మిదేళ్ల పిల్లోడి దుప్పట్లో పుట్టిన భయం వాడితోపాటు బడికి పోయింది, పరీక్షలు రాసింది, పెండ్లిపీటల మీద పక్కనే కూర్చుంది. మా అందరి ప్రాణాలూ తన నాలుక మీదే ఉన్నాయనుకుంటూ, వాడు పొద్దున లేచి పిల్లలకు భిన్నాలు చెప్పాడు. నేనైతే ఒక్క రోజు మోయలేను. వాణ్ణి చూస్తే కొండను చూసినట్టనిపించింది.

అమ్మకు మాత్రం రోషం వచ్చింది. "ప్రార్థన చేస్తే జబ్బంటారా తల్లీ?"

"ప్రార్థన చేసినాక మనసు కుదుటపడల్ల గదమ్మా" అంది డాక్టరమ్మ. "నీ కొడుక్కి ఎప్పుడన్నా కుదుటపడిందా?"

అమ్మ కొడుకు వైపు చూసింది.

డాక్టరమ్మ మందులిచ్చింది. దాంతోపాటు ఒక కష్టమైన పని చెప్పింది: ఒక్కసారే ప్రార్థన, తప్పు వస్తే దిద్దకూడదు. భయం పుడుతుంది, పుట్టనీ, దానంతట అదే దిగుతుంది. వినడానికి సులువే. వాడు వారాల తరబడి ఆ పని మీద చెమటలు కక్కాడు. సిరి అవుకు ప్రయాణం మానుకోలేదు, పేరు పెట్టేదాకా వాయిదా వేసింది.

పాప కూర్చోవడం నేర్చాక, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆళ్లగడ్డ ఇంట్లో చేరాం. ఎలీషా బిడ్డను తీసుకున్నాడు. మొదటిసారి. ఎత్తుకోవడం తెలియక రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. "ఈ బిడ్డను కాపాడు" దగ్గర నాలుక మడత పడింది. మాట ముక్కలైంది. ఆగిపోయాడు.

సిరి నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

"మొదట్నుంచి చెప్పు నాయనా, తొందరేముంది" అంది అమ్మ. ప్రేమగానే అంది. నాకు ఆమె నోరు మూయాలనిపించింది.

ఎలీషా బిడ్డను ఇంకా బిగించి పట్టుకున్నాడు. "వద్దమ్మా. అట్లనే ఉండనీ" అన్నాడు. "ఈ బిడ్డ పేరు కెజియా. ఆమెన్."

కళ్లు తెరిచి మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. బిడ్డను, సిరిని, నన్ను. చివరికి అమ్మ మీద చూపు నిలిచిపోయింది. ఆమె బతికే ఉందా అని చూస్తున్నాడు. అది అమ్మకూ తెలిసింది. కుర్చీ పట్టుకుని లేచింది. మోకాళ్ల నొప్పితో నిలబడలేని మనిషి, వాడికి కనబడేలా ఎదురుగా నిలబడింది. వాడి ఊపిరి నెమ్మదించి, చూపు బిడ్డ వైపు తిరిగేదాకా కూర్చోలేదు.