ఊరగాయ పట్టని బొమ్మ

నేను ఒక బొమ్మని. దేవుణ్ణి కాను, దేవతనీ కాను. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా బతుకులో వచ్చిన గొడవంతా ఆ తేడా తేల్చుకోలేని పెద్దమనుషుల వల్లే. మఠం వేసుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండరచేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంటాను. ఒళ్ళంతా కాల్చిన మట్టి. గుండె ఉండాల్సిన చోట దోసిలంత గుంట, అందులో కరిగి గడ్డకట్టిన గాజు. ఒకప్పుడు అది గోళీసోడా సీసాలు. అందుకే ఆ పచ్చదనం. నాలాంటిది ఈ గోదారి గట్టు మీద ఇంకోటి లేదు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట.

నన్ను చేసినవాడు అబ్బులు. ధవళేశ్వరం దగ్గర జాడీల ఫ్యాక్టరీలో పెద్ద పనివాడు. ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, చింతకాయ జాడీ... ఆయన చేతిలోంచి వచ్చిన ప్రతిదాని నోట్లోనూ ఎవరో ఒకరు ఉప్పూ కారం కుక్కారు. పెళ్ళికెళ్తే చాలు, "జాడీల బావొచ్చాడ్రోయ్, నోరు మూసుకోండి, లేపోతే మూత పెట్టేస్తాడు" అని బావమరుదులు ఇకిలించేవాళ్ళు. పైకి నవ్వేసేవాడు. లోపల మాత్రం కాలేది.

"పోయేలోగా ఊరగాయ పెట్టుకోడానికి పనికిరాని వస్తువు ఒక్కటైనా చేస్తానే," అన్నాడొకనాడు భార్య నూకరత్నంతో.

"పనికిరానివి చెయ్యడం నీకు కొత్తేంటయ్యా," అందావిడ, కూర తాలింపులోంచి తల తిప్పకుండా.

అలాంటివాడి దగ్గరికి గున్నేశ్వర్రావు గారొచ్చారు. గట్టు మీద కొత్తగా కట్టిన ధ్యానమందిరానికి ఆయనే పెద్ద. "ఒక బొమ్మ కావాలి అబ్బులూ. అన్ని మతాలవాళ్ళూ వస్తారు, కాబట్టి ఏ దేవుడూ కాకూడదు. చూస్తే మనసు నిలవాలి, అంతే," అన్నారు. అబ్బులు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదట.

నన్ను ఒకసారి కాల్చాడు. తర్వాత గుంటలో సీసా ముక్కలు పోసి, వెల్లకిలా పడుకోబెట్టి మళ్ళీ బట్టీలో పెట్టాడు. గాజు కరిగింది. ఇంక చెయ్యాల్సింది ఒక్కటే, చల్లారేదాకా ఊరుకోవడం. అక్కడే దెబ్బతిన్నాడు. ఇన్నేళ్ళూ జాడీల బట్టీని ఏ వేళ పడితే ఆ వేళ తెరిచిన మనిషి, వర్జ్యం ఏంటి వంకాయ ఏంటి అని ఎగతాళి చేసిన మనిషి, నా దగ్గరికొచ్చేసరికి పంచాంగం పట్టుకున్నాడు. శుక్రవారం పదిన్నరకి రాహుకాలం. అది దాటగానే అమావాస్య. జాడీలకి అక్కర్లేని ముహూర్తం నాకు కావాల్సొచ్చింది. ప్రేమ ఎక్కువైతే మనిషి భయస్తుడవుతాడు మరి. పదింటికే బట్టీ నోరు తెరిచేశాడు. చల్లగాలి వచ్చి వేడి గాజుని తాకింది.

టింగ్.

అలా మొదలైంది. గాజులో సన్నగా, వెంట్రుకంత గీత. కాసేపటికి ఇంకోటి. ఊడి పడలేదు, రాలిపోలేదు. లోపలే సాలెగూడులా అల్లుకుపోయింది. వెలుగు పడితే ఆ గీతల్లో చిక్కుకుని బయటికి రాలేక మెరుస్తుంది. అబ్బులు తల పట్టుకున్నాడు. నాకైతే ఆ గీతల తర్వాతే నేను నేనయ్యాననిపించింది.

మందిరంలో అందరూ మెచ్చుకున్నారు. చల్లటి ఏసీ గదిలో నన్ను ఎదురుగా పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అంతా నిశ్శబ్దం. టింగ్. అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. మళ్ళీ మూసుకున్నారు. మళ్ళీ టింగ్. ఈసారి ఒకావిడ లేచొచ్చి నా గుండెలోకి తొంగిచూసి, "అయ్యో, పగిలిందండీ ఇది!" అంది. అంతే, మనసు నిలపడానికొచ్చినవాళ్ళందరి మనసూ చెదిరిపోయింది.

గున్నేశ్వర్రావు గారు అబ్బుల్ని పిలిపించారు. "భిన్నమైన విగ్రహం ఉంచకూడదయ్యా. గోదాట్లో కలిపెయ్."

"విగ్రహం కాదన్నది తమరే కదండీ."

"కాదనుకో."

"దేవుడు కానప్పుడు కలపడం ఎందుకండీ?"

ఆయన కాస్త ఆలోచించారు. "అదీ నిజమే. అయినా కలిపెయ్."

ఎర్రటి ఎండలో ఆటో ఎక్కించారు. పక్కన నూకరత్నం. రేవులో అబ్బులు నన్ను చంకనెత్తుకుని మోకాలి లోతుకి దిగాడు. ఆయన మొహం చూడలేకపోయాను. ఒక్క వస్తువు చేశాడు బతుకులో, అదీ పోతోంది. రేపు మళ్ళీ జాడీల అబ్బులే. వంగాడు. నీళ్ళు నా గుండెకి తగిలాయి. ఎండకి కాగిన గాజు ఊరుకుంటుందా?

టింగ్!

అబ్బులు ఆగిపోయాడు. "ఒసే, ఇదింకా చల్లారలేదే," అన్నాడు.

"చల్లారకపోతే పైకి తీసుకురా. చేపలు ధ్యానం చేస్తాయేంటి?" అంది నూకరత్నం మెట్టు మీంచి. నన్ను అందుకోడానికి చేతులు అప్పటికే చాచింది.

"తొందరపడి ఓసారి చెడగొట్టుకున్నాను. ఈసారి చల్లారేదాకా ఆగుతాను," అని గట్టెక్కేశాడు.

ఇప్పుడు నేను ఫ్యాక్టరీ వెనక, పగిలిపోయిన జాడీల గుట్ట పక్కన, వేపచెట్టు నీడలో ఉన్నాను. మధ్యాహ్నం ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని ఇక్కడికే వస్తారు. ఆకుల సందుల్లోంచి ఎండ నా గాజు మీద పడే వేళ అది. మొన్న వరాలు అనే అమ్మాయి, చెయ్యి ఖాళీ లేక, మాగాయ డబ్బా తెచ్చి నా అరచేతుల్లో పెట్టేసింది. సరిగ్గా అప్పుడే అబ్బులు వచ్చాడు. చూశాడు. మొహం జేవురించింది. అరవబోయి ఆగాడు. వరాలు కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. నోటిదాకా వెళ్ళలేదు. నా గాజులోకి చూస్తూ తినడం మర్చిపోయింది. పక్కనున్నవాళ్ళూ అంతే. ఎవరూ కళ్ళు మూసుకోలేదు.

అబ్బుల్ని చూసి వరాలు ఉలిక్కిపడింది. "డబ్బా తీసెయ్యమంటావా బాబాయ్?"

అబ్బులు నావైపు చూశాడు, డబ్బావైపు చూశాడు. "ఉండనియ్యవే," అని నాకెదురుగా చతికిలబడ్డాడు. "ఓ ముక్క ఇటు పడెయ్."

టెంక చప్పరిస్తూ, ఆ పచ్చటి గీతల్లోకి చూస్తూ, గంట కొట్టేదాకా కూర్చున్నాడు.

నేను టింగుమనలేదు.