దోటి కాటు

నేను ఒక దోటిని. పొడుగాటి వెదురు గెడ, కొసన ఇనప కొక్కెం, అంతే నా ఒళ్ళు. మునక్కాయలు, మామిడికాయలు కోయడానికి పుట్టాను. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ఈ ఇంటివాళ్ళు నా చేత చేయించిన పనులు వింటే మీకూ ఒళ్ళు మండుతుంది.

నన్ను చేసింది అచ్చియ్యమ్మ మొగుడు. గోదావరి మీద తెప్ప కట్టి తెచ్చిన వెదుళ్ళలోంచి నన్ను ఏరి, కణుపులు చెక్కి, నిప్పుల మీద కాచి వంకర తీశాడు. విరిగిన కొడవలి ముక్కతో కొక్కెం కొట్టించాడు. ఆయన చేతిలో ఉన్నన్నాళ్ళూ నాకు కాయలు తప్ప మరో లోకం తెలీదు. ఆయన పోయాక అచ్చియ్యమ్మ చేతికొచ్చాను. ఆవిడా మంచిదే, ఒక్క నోరు తప్ప.

ఎన్ని మాటలైనా అనే ఆ నోరు ఒక్క మాట మాత్రం అనదు. పాము. ఆ పేరెత్తితే పిలిచినట్టేనని ఆవిడ భయం. అందుకని 'పురుగు' అంటుంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళంతా అంతే, ఎవరినైనా పాము కరిస్తే 'పురుగు ముట్టింది' అంటారు. పేరు పెట్టి పిలవకపోతే రావడం మానేస్తుందా, చోద్యం కాకపోతే!

కోడలు ప్రసూన విశాఖపట్నంలో మూడో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్ల. కొత్తగా కాపరానికొచ్చింది. ఓ పొద్దున మునక్కాడల పులుసు పెడదామని నన్ను భుజాన వేసుకుని పెరట్లోకి బయల్దేరింది. వంటింట్లోంచి అత్త కేకేసింది.

"అమ్మాయ్, మునగచెట్టు కాడికెళ్ళకే! అక్కడ పురుగుంది!"

"నేను చూసుకుంటాలెండి అత్తయ్యా!"

మునగచెట్టు దగ్గర పురుగంటే ఊరికి కొత్తయిన పిల్ల ఏమనుకుంటుంది? గొంగళిపురుగు అనుకుంది. దద్దుర్లు లేస్తాయని తలకి తువ్వాలు చుట్టుకుంది, మొగుడి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది. కాళ్ళకి మాత్రం చెప్పులు లేవు. నన్ను పైకెత్తి, కొమ్మకొమ్మా తేరిపార చూస్తూ చెట్టు కిందికి నడిచింది. పాము ఎండుటాకుల్లో పడుకుని ఉంది.

నేను ఆమె చేతిలోంచి జారి పడ్డాను. "ఏదో కుట్టింది" అంటూ ఆమె కాలు పట్టుకుని కూలబడింది.

పెద్దాసుపత్రిలో సూదులు పొడిచి ప్రాణం నిలబెట్టారు. కాలి చిటికెనవేలు మాత్రం తీసేశారు. ఇంటికి వచ్చిన రోజే గదిలో ప్రసూన మొగుడు నూకరాజుతో అంటుంటే చూరులో ఉన్న నేను విన్నాను. "మీ అమ్మకి తెలుసు. పాముందని తెలిసీ పురుగని చెప్పింది. నన్ను చంపాలనే. ఇకమీదట ఆవిడ చేత్తో పెట్టింది నేను ముట్టను." తలుపవతల నిలబడ్డ అచ్చియ్యమ్మ కూడా విన్నది. హంతకురాలన్న మాట పడ్డాక ఆ ఇంట్లో ఎలా తిరగడం?

మర్నాడు నన్ను చూరులోంచి లాగింది. "నా కోడలి కాలు తినేసి, నా మొకాన మసి పూత్తావా? నీ వంశం నిలవనిత్తానా!" అని ఆ పాముని తిడుతూ పెరట్లోకి దూకింది. నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకూ కసిగానే ఉంది. నన్ను మోసిన పిల్లని కరిచింది కదా.

గడ్డివాము పక్కన జెర్రిపోతు దొరికింది. పాపం, ఎలకల్ని తిని బతికే జీవి. నా కొక్కెంతో దాని మెడ నొక్కి, నాతోనే బాది చంపింది. ఈడ్చుకొచ్చి కోడలి ముందు పడేసింది.

"ఇదేనేంటే?"

"ఇది కాదు."

నూతిగట్టు దగ్గర నీరుకట్టెని చంపింది. నిమ్మచెట్టు మీది పసిరిక పాముని చంపింది. మరో జెర్రిపోతుని చంపింది. తెచ్చిన ప్రతిదాన్నీ ప్రసూన తీరిగ్గా చూసి, "ఇది కాదండి, అది ఇంకా లావు" అనేది. అబ్బ, ఎంత గడుసుది! ఆ రోజు నేను ఆమె చేతిలోనే ఉన్నాను. ఆమె కిందికి చూస్తే కదా లావో సన్నమో తెలియడానికి! ముసలిదాన్ని ఎండలో పరుగులు పెట్టించడమే ఆమె కక్ష. పాములు పగబడతాయంటారు. ఎవరు పగబట్టారో నా కొక్కేన్ని అడగండి, నెత్తురు తుడిచినవాళ్ళు లేరు.

జెర్రిపోతులు పోయాక ఎలకలు పెరిగాయి. ధాన్యం బస్తాలు కొరికాయి, కొబ్బరి డొక్కల గుట్టలో పిల్లల్ని పెట్టాయి. వాటి వాసన పట్టుకుని నాగుపాము వచ్చింది.

పొయ్యిలోకి డొక్కలు తీద్దామని అచ్చియ్యమ్మ నన్ను పక్కన పెట్టి వంగింది. ఆవిడ చేతికి జానెడు దూరంలో పడగ లేచింది. ఆవిడ చూడలేదు. గడప మీది ప్రసూన చూసింది. నోరు తెరిచింది, మాట రాలేదు. రాలేదో, రానివ్వలేదో! కాస్త ఊరుకుంటే చాలు, పగ తీరిపోతుంది.

"అత్తయ్యా! పురుగు!"

ఆ మాటకి అచ్చియ్యమ్మ ఒక్క గెంతున వెనక్కి వచ్చి పడింది. లేస్తూనే నన్ను అందుకుంది. "ఇదేనా? చెప్పవే, ఇదేనా?"

"నాకు తెలీదండి!" ప్రసూన బావురుమంది. "నేనసలు దేన్నీ చూళ్ళేదు. పైకి చూస్తున్నాను. మీరు పురుగంటే గొంగళిపురుగు అనుకున్నాను."

"గొంగళిపురుగా! చూసుకుంటానన్నావు కదే!"

"పామంటే చూసుకుంటానని ఎవరైనా అంటారా అత్తయ్యా?"

అచ్చియ్యమ్మ చేతిలోంచి నేను జారిపోయాను. "అయ్యో నా తల్లీ, నా నోరు పడిపోనూ" అంటూ కోడల్ని కావలించుకుంది. ఇద్దరూ ఏడుస్తుంటే నాగుపాము తన దారిన తాను కంచె దాటి పోయింది.

వాళ్ళు కలిసిపోయారు, బాగానే ఉంది. మరి నా సంగతి? బాదిన బాదుడుకి నిలువునా చీలాను. కొక్కెం పీకేసి నన్ను చిక్కుడు పందిరికి గుంజగా పాతారు. కాయలు కోసే నన్ను హంతకుణ్ణి చేసినందుకు ఒక్కరైనా నొచ్చుకున్నారా? చచ్చిన జెర్రిపోతుల తరఫున అడిగేదెవరు? పగ నాలోనే ఉండిపోయింది.

నిన్న అచ్చియ్యమ్మ చిక్కుళ్ళు కోస్తూ తూలి నన్ను గట్టిగా పట్టుకుంది. చీలిన చోట ఓ పేడుని అప్పటికే సిద్ధంగా ఉంచాను. అది అరచేతిలోకి దిగింది.

"అబ్బా! ముట్టిందే అమ్మాయ్!"

ప్రసూన కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "పురుగా అత్తయ్యా? ఏ పురుగు?"

"పామూ కాదు, పురుగూ కాదు! ఈ దోటి ముండ!"

జన్మలో మొదటిసారి పాము పేరు ఆవిడ నోట పలికించాను. నా ప్రాణం చల్లబడింది. కోడలి చెయ్యి ఇంకా బాకీ ఉంది.