రెండో మంచం

మాస్టారు రెండో మంచం ఎక్కి మోకాళ్ళతో పరుపు తొక్కుతున్నాడు. నడుం ఆనే చోట గట్టిగా, భుజం ఆనే చోట కాస్త తక్కువగా, కాళ్ళ వైపు మడమతో. దిగి, నడుం వంచి, కళ్ళు పరుపు ఎత్తుకు దించి చూశాడు. దూది ఏమీ ఎరగనట్టు మళ్ళీ పైకి లేచింది.

"ఇటుకలకి మట్టి తొక్కుతున్నట్టున్నావు, బామ్మర్దీ," అన్నాడు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న బావ. మాట పూర్తవుతూనే దగ్గు తెర వచ్చింది.

"నవ్వకు. నవ్వితే నీకు ఆయాసం."

"నవ్వకపోతే తగ్గిందా ఏమన్నా?"

మాస్టారు దుప్పటి పరిచి, దాని మీద చేత్తో ముడతలు పెట్టడం మొదలుపెట్టాడు. ఇది ఆయన రోజూ పొద్దున చేసే మొదటి పని. పడుకోని మంచాన్ని పడుకున్నట్టు చేయడం. దిండు మధ్యలో గుంట, దుప్పటి అంచు ఒకపక్క కిందికి జారినట్టు. ఆ తర్వాత ఇస్త్రీ మాస్టారుగా పనిచేసే లాండ్రీకి వెళ్ళి, చీకటి పడేదాకా ఊళ్ళోవాళ్ళ బట్టల మీద ముడతలు తీస్తాడు. ఒంటి బరువుకి పడే ముడత వేరు, చేత్తో నలిపితే పడే ముడత వేరు. ఆ తేడా తెలుసు కాబట్టి అరచేయి కాకుండా మోచేయి వాడతాడు. ఇన్నేళ్ళుగా దుప్పటి విషయంలో ఎక్కడా పొరపాటు రానివ్వలేదు.

పొరపాటు పరుపులో జరిగింది.

మొన్న కొళాయి కారి నీళ్ళు కింది అంతస్తులోకి దిగుతున్నాయని, ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ పైకి వచ్చింది. ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మెట్లెక్కి అలిసిపోయి రెండో మంచం మీద చతికిలబడింది. చేత్తో పరుపు తట్టి, "ఇదేంటి బాబూ, కొత్తదానిలా ఉందే, ఎక్కడా కుంగలేదు," అంది. అని, అవతలి మంచం వంక చూసింది. అది మధ్యలో దోనెలా కుంగి ఉంది. ఇంకేమీ అనకుండా కొళాయి చూసి వెళ్ళిపోయింది. ఏమీ అనకపోవడమే మాస్టారుకి నిద్ర లేకుండా చేస్తోంది. రోగుల పరుపులు చూసీ చూసీ అరిగిన కళ్ళవి.

బావ ఆయనకు బావ కాడు. ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు ఒక ఊళ్ళో కలిశారు. ఈయన లాండ్రీలో, ఆయన ఎదురు కొట్టుకి బోర్డు రాస్తూ నిచ్చెన మీద. తర్వాత కలిసి గది కావాలంటే ఏదో ఒక చుట్టరికం కావాల్సి వచ్చింది. అప్పుడు మాస్టారుకి ఒక అక్క పుట్టింది, బావని పెళ్ళాడింది, పిల్లలు కలగకుండానే పచ్చకామెర్లతో పోయింది. ఊరు మారినప్పుడల్లా ఆవిడకి ఒక గుణం కలిసేది. ఒక ఊళ్ళో కోపిష్టి, ఇంకో ఊళ్ళో పాటలు పాడేది. కొన్ని సాయంత్రాలు ఆవిడ లేదని మాస్టారుకి నిజంగానే బెంగగా ఉండేది. ఈ అబద్ధానికి దేవుడి కోపం చెప్పినవాళ్ళ మీద ఉంటుందా, చెప్పించినవాళ్ళ మీద ఉంటుందా అని ఆయన చాలాసార్లు అనుకున్నాడు. అడగడానికి ధైర్యం చాల్లేదు. ఆయన ప్రార్థన ఎప్పుడూ ఒక్కటే: స్వామీ, ఈ పూట ఎవరూ ఏమీ అడక్కుండా చూడు.

"పైకి ఎవరొచ్చినా నేను లేనప్పుడు తలుపు తియ్యకు," అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"ఊపిరాడక తలుపు తీసుకుంటే?"

"కిటికీ తీసుకో."

లాండ్రీలో ఆవిరి మిషను అప్పటికే బుసలు కొడుతోంది. మాస్టారు ప్యాంటు కాళ్ళు జత కలిపి పలక మీద పరిచాడు. పై పలక దించి, కాలితో పెడల్ తొక్కాడు. ఆవిరి మొహానికి కొట్టింది. ఆ తెల్లటి మబ్బులో ఉన్నంతసేపే ఆయనకు కాస్త నిశ్చింత. అందులో ఆయన మొహం ఎవరికీ కనపడదు.

కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి ఫోను చూసుకుంటూ, చీటీలు గుచ్చుతూ, ఎడమచేత్తో చిల్లర ఇస్తూ, నోటితో కబుర్లు చెబుతూ నాలుగు పనులూ ఒకేసారి చేస్తుంది.

"బాబాయ్, నిన్న మీరు వెళ్ళాక మీ ఇంటి ఓనరమ్మ వచ్చింది."

పెడల్ మీద మాస్టారు కాలు ఆగింది. "దేనికి?"

"శాలువా ఇచ్చింది ఉతకడానికి. ఇచ్చి మీ గురించి అడిగింది."

"నా గురించా? ఏమని?"

"మీరు ఇక్కడ ఇంకా ఎన్నాళ్ళు చేస్తారు, ఊరు వదిలి వెళ్ళే ఉద్దేశం ఏమన్నా ఉందా, మీకు చుట్టాలెవరూ రారా అని. నేనేం చెప్తాను? మా బాబాయ్ నోట్లో మాట రావాలంటే మిషన్లో పెట్టి ఆవిరి పట్టాలండీ అన్నాను."

అమ్మాయి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఊరు వదిలే ఉద్దేశం ఉందా అని అడగడం అంటే, వదలమని చెప్పబోతోందని. మొదట కొట్లో విచారిస్తారు. తర్వాత ఇంటి ముందు నిలబడతారు. ఆయనకు ఈ వరస తెలుసు.

మొదటి ఊళ్ళో వీళ్ళిద్దరి సంగతి తెలిసినప్పుడు ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. లాండ్రీ యజమాని ఒక పొద్దున ఆయన అప్పుడే ఇస్త్రీ చేసి తగిలించిన చొక్కాలు ఒక్కొక్కటే హ్యాంగర్ నుంచి తీసి నీళ్ళ తొట్టిలో ముంచాడు, అంతే. అందరూ చూస్తుండగా, తీరిగ్గా, అన్నీ. "వాడి చెయ్యి తగిలింది, మళ్ళీ ఉతకండి," అన్నాడు. ఆ సాయంత్రమే ఇద్దరూ బస్సెక్కారు. అప్పట్నుంచి వాళ్ళకో నియమం ఉంది. ఎవరైనా అడగబోతున్నారని తెలిస్తే, అడగకముందే వెళ్ళిపోవాలి.

"బాబాయ్, ఓ మాట," అంది అమ్మాయి. ఒక పెద్దమనిషి కోటు చూసుకుంటూ కౌంటర్ దగ్గరే ఉన్నాడు. అయినా అమ్మాయి గొంతేమీ తగ్గించలేదు. "మా చిన్నన్నయ్య ఆదివారం వస్తున్నాడు. వాళ్ళాయన్ని కూడా తీసుకొస్తున్నాడు."

"ఎవర్ని?"

"వాళ్ళాయన్ని. వాడితో ఉంటాడే, అతన్ని. ఇన్నేళ్ళూ మా అమ్మ వాడి పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది. ఇప్పుడేమో ఒకే గది సర్దాలా, రెండు సర్దాలా అని పొద్దున్నుంచి నా ప్రాణం తీస్తోంది. మీరైతే ఏమంటారు?"

కోటు చూసుకుంటున్న పెద్దమనిషి తలెత్తాడు. "కాలర్ మీద మరక అలాగే ఉందమ్మా," అన్నాడు.

మాస్టారు పై పలక దించాడు. ఎర వేస్తోంది, అనుకున్నాడు. ఇంటావిడే చెప్పి పంపి ఉంటుంది. లేకపోతే ఇంతమంది ఉండగా ఈ మాట నాకే ఎందుకు చెప్పాలి? గదుల గురించి నన్నే ఎందుకు అడగాలి?

"ఇంటి సంగతులు నాకెందుకమ్మా," అన్నాడు ఆవిరిలోంచి.

అమ్మాయి మొహం చిన్నబోయింది. "ఊరికే అడిగాను బాబాయ్."

ఆ తర్వాత ఆయన ఎవరి మొహమూ చూడలేదు. అందరి చూపులూ లెక్కలోకి తీసుకున్నాడు. కొట్టు యజమాని రెండుసార్లు లోపలికి తొంగి చూశాడు, ఎందుకు? బట్టలు తెచ్చే ఆటో అతను ఈ రోజు నమస్కారం పెట్టలేదు, ఎందుకు? సాయంత్రం కాకముందే తలనొప్పి అని చెప్పి బయటపడ్డాడు. ఇంటి వీధి మలుపులో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ ఆయన్ని చూసి ఆగారు. ఆయన దాటగానే మళ్ళీ మొదలుపెట్టారు.

మెట్లెక్కి తలుపు తీస్తూనే అన్నాడు, "పెట్టెలు దించుతున్నాను. పొద్దున్నే వెళ్ళిపోదాం."

బావ కుర్చీలోంచి కదల్లేదు. బోర్డులు రాసీ రాసీ, ఆ రంగులూ టర్పెంటైనూ పీల్చీ పీల్చీ ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇప్పుడు మూడో అంతస్తు నుంచి కిందికి దిగడమే ఒక ప్రయాణం. చేతులు మాత్రం ఇప్పటికీ వణకవు.

"నేను రాను," అన్నాడు.

"రాకపోతే?"

"ఇక్కడే ఉంటాను. ఈ కిటికీ బావుంది. నువ్వూ ఉండు."

"ఆవిడ కొట్టుకొచ్చి నా గురించి కూపీ లాగింది."

"ఆవిడేనా? అయితే నీకు చెప్పేసిందా?"

ఏం చెప్పేసిందని మాస్టారు అడిగేలోపే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఇంటావిడ గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఈసారి ఎక్కడా కూర్చోలేదు.

"వచ్చావా బాబూ? నీతోనే పని. కింది గది ఖాళీ అయింది. ఈయన ఈ మెట్లెక్కి దిగితే ఇక లాభం లేదు, నేను చూస్తూనే ఉన్నాను కదా. మీరు నాలుగు కాలాలు ఉండేట్టయితే బాగుచేయిద్దామని నీ కొట్లో కూడా అడిగాను. అద్దె ఇదే. కాకపోతే చిన్నది, రెండు మంచాలు పట్టవు." కొంగుతో మెడ తుడుచుకుంది. "మీకు ఒకటి చాలుగా."

మాస్టారుకి చెవుల్లో ఆవిరి మిషను మోగింది. "రెండు కావాలమ్మా. ఆయన మా బావ. మా అక్క పోయాక..."

"తెలుసు బాబూ, చెప్పావు."

"పచ్చకామెర్లతో మా అక్క..."

"వీడికి అక్కా లేదు, చెల్లీ లేదమ్మా," అన్నాడు బావ. దగ్గు రాలేదు. గొంతు కూడా పెంచలేదు. "ఒక్క మంచం చాలు."

మాస్టారు ఇంటావిడ మొహంలో ఏదో మారుతుందని చూశాడు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుందని, వెనక్కి జరుగుతుందని.

"గోడకి సున్నం రాలుతోంది, అదొకటి వేయించాలి," అంది ఆవిడ. "తాళం తీసే ఉంచాను, దిగి చూసుకోండి." చెప్పుల చప్పుడు మెల్లగా కిందికి వెళ్ళిపోయింది.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అన్నాడు మాస్టారు.

"ఆ మహాతల్లిని ఇన్ని ఊళ్ళలో ఇన్నిసార్లు చంపాం. ఇక వదిలెయ్యి పాపం."

"రేపు ఆ ఇంటావిడే మన సామాను మెట్ల మీదికి తోయిస్తుంది!"

"తోస్తే ఎక్కడికి పోతాయి? కిందికేగా. మనం వెళ్ళాల్సిందీ కిందికే. మోత ఖర్చు కలిసొస్తుంది."

మాస్టారు చొక్కా కూడా మార్చుకోకుండా బయటికి వచ్చేశాడు.

మార్కెట్ పక్కన సామాన్ల వ్యాన్లు ఆగే చోట ఒక డ్రైవరు సీట్లో కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. కదిపితే ఒక కన్ను తెరిచాడు.

"రేపు పొద్దున్నే ఇల్లు ఖాళీ చేయాలి," అన్నాడు మాస్టారు.

"సామానేంటి, పెద్దాయనా?"

"రెండు పెట్టెలు. కుర్చీ. రెండు మంచాలు."

"ఎక్కడికి?"

మాస్టారు నోరు తెరిచాడు. ఇదివరకు ఎప్పుడూ ఈ ప్రశ్నకి జవాబు ఉండేది. ఎక్కడో ఒక ఊరు, అందులో ఒక లాండ్రీ. ఇప్పుడు ఆలోచిస్తే, మెట్లెక్కించి దించి, బస్సెక్కించి, ఆ ఆయాసం మనిషిని తీసుకెళ్ళే ఊరు ఒక్కటీ తట్టలేదు.

"ఊరి పేరు చెప్పకుండా బండి కట్టమంటే ఎట్లా?" డ్రైవరు ఆ కన్ను కూడా మూసుకున్నాడు. "ఇంట్లో గొడవైతే కాసేపు తిరిగొచ్చెయ్యి. అన్నం తినేవేళకి అదే సర్దుకుంటుంది."

ఇంట్లో గొడవ. ఎవరైనా ఎవరితోనైనా అనే మాటే అది. మాస్టారు ఆ మాటని కూడా అటూ ఇటూ తిప్పి చూశాడు, లోపల ఏమన్నా దాచాడేమోనని. ఏమీ కనపడలేదు. వెనక్కి నడుస్తుంటే మోత ఖర్చు కలిసొస్తుందన్న మాట గుర్తొచ్చి ఒక్కడే నవ్వాడు. ఎదురొస్తున్న ఆవిడ విచిత్రంగా చూస్తే నవ్వు మింగేశాడు. కానీ అడుగులు ఇంటివైపే పడ్డాయి. ఏం చెప్పాలో ఖాయం చేసుకున్నాడు. ఈ నెల చూద్దాం. ముందు ఒక మంచం దింపుదాం. రెండోది పైనే ఉండనీ, ఆవిడ ఒప్పుకుంటే. అవసరం పడితే మళ్ళీ చూసుకోవచ్చు.

ఇంకా వెలుతురు ఉంది. కింది గది తలుపు తెరిచి ఉంది. గుమ్మంలో ఇంటావిడ నిలబడి ఉంది. ఆవిడ చేతిలో టీ గ్లాసు, మీద మీగడ కట్టి.

"మెల్లగా ఆయనే దిగి వచ్చాడు బాబూ," అంది. "చూసుకుంటానన్నాడు. బావుందన్నాడు. నేను టీ పెట్టి తెచ్చేలోపే..."

గదిలో సామానేమీ లేదు. కిటికీ కింద గోడకి ఆనుకుని బావ కూర్చుని ఉన్నాడు, తల కొంచెం పక్కకి వాల్చి. దగ్గి దగ్గి అలిసిపోయాక అలాగే వాలుస్తాడు. అందుకని మాస్టారు కాసేపు దగ్గు కోసం ఎదురుచూశాడు.

ఎదురింటి డాక్టరు వచ్చి, చెయ్యి పట్టి చూసి, కళ్ళు చూసి, రెప్పలు మూసి లేచాడు. కుర్రవయసు మనిషి. "మీరు ఈయనకి ఏమవుతారు?"

మాస్టారు నాలుక మీదికి అక్క రావాలి. ఇన్నేళ్ళూ పిలవకుండానే వచ్చేది. ఇప్పుడు రాలేదు.

"మేమిద్దరం కలిసి ఉంటాం," అన్నాడు.

డాక్టరు తలూపాడు. "ఎన్నాళ్ళుగా ఆయాసం?" అన్నాడు. మాస్టారు జవాబు చెప్పి, కలిసి ఉండడం మీద వేసే రెండో ప్రశ్న కోసం గట్టిగా నిలబడ్డాడు. డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "కూర్చోండి, కింద పడతారు," అన్నాడు. రెండో ప్రశ్న రాలేదు. మాస్టారు కూర్చున్నాడు. వస్తుందేమోనని ఆ మొహంలోకి చూస్తూనే ఉన్నాడు. డాక్టరు వెళ్ళిపోయాడు. ఇంటావిడ దుప్పటి తేవడానికి వెళ్ళింది. తలుపు ఎవరూ వెయ్యలేదు, ఆయన కూడా వెయ్యమనలేదు.

అప్పుడు చూశాడు. బావ ఒళ్ళో ఒక రేకు ముక్క ఉంది. దాని మీద ఇద్దరి పేర్లు, ఒకే ఎత్తు అక్షరాలతో, ఒకదాని కింద ఒకటి. మధ్యలో ఏ చుట్టరికమూ లేదు. పైన మాస్టారు పేరు నిండుగా ఉంది. కిందిది బావ పేరు. దాని చివరి అక్షరానికి తలకట్టు ఇంకా పెట్టలేదు. పక్కన నేల మీద రంగు డబ్బా, దాని మూతి మీద అడ్డంగా పెట్టిన సన్నటి కుంచె, కొసన తడి ఆరకుండా.