సూది తెలియని వేళ్లు

అరకు దగ్గరి పట్టుదారం షెడ్డు మూతబడిన రోజు గేటుకు తాళం వేసింది మేనేజరు సర్వేశ్వరరావే. చైనా దారం ఓడలకొద్దీ దిగుతోందనీ, ఇక్కడి దారాన్ని అడిగే నాథుడు లేడనీ చెప్పి ఆడవాళ్లందరినీ బయటికి పంపేశాడు. ఏడాది తిరిగేసరికి అదే గేటు మళ్లీ తెరుచుకుంది. ఈసారి పైన వేరే బోర్డు. విదేశీ సరుకు వల్ల పని పోయినవాళ్లకు ప్రభుత్వం కుట్టుపని నేర్పించి, ఆనక తలా ఒక మిషను ఇస్తుందట. నేర్పే కాంట్రాక్టు దక్కించుకున్నది కూడా సర్వేశ్వరరావే.

ఆ మనిషి మొహం చూడాలంటేనే లిదియాకు ఒళ్లు మండేది. మొగుడు పోయాక ఆమె ఇల్లు నడిచింది ఆ షెడ్డు మీదే. తాళం పడ్డాక పస్తులున్న రోజులు ఆమెకు బాగా గుర్తు. పక్కింటి కనక బతిమాలి లాక్కెళ్లకపోతే ఆ గేటు తొక్కేదే కాదు. ఇద్దరూ ఒకే తొట్టి దగ్గర ఎదురెదురుగా కూర్చుని దారం తీసినవాళ్లు. వయసులో చిన్నదైన కనక ఆమెను సొంత అక్కలా అప్పా అని పిలిచేది.

మరిగే నీళ్లలో పట్టుగూళ్లు దేవి దేవి లిదియా వేళ్ల కొసలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. మిషను ముందు కూర్చున్న మొదటివారంలోనే సూది వేలిలో దిగింది. తెల్లగుడ్డ ఎర్రబడుతుంటే చూసిందే తప్ప, నొప్పి తెలియలేదు. సర్వేశ్వరరావు వచ్చి గుడ్డ లాక్కున్నాడు. మీ కొండోళ్లకు నేర్పేకంటే మేకలకు నేర్పడం నయమని అందరి ముందూ అన్నాడు. మర్నాటి నుంచి ఆమెను మిషను దగ్గరికి రానివ్వలేదు. చీపురు చేతికిచ్చి గుడ్డముక్కలు ఊడ్చమన్నాడు. లిదియా పళ్లు బిగించి ఊడ్చింది.

ఒకరోజు విశాఖపట్నం నుంచి ఆఫీసరు జీపులో వచ్చాడు. అందరూ బాగుందని చెప్పాలని సర్వేశ్వరరావు ముందే హెచ్చరించి ఉంచాడు. అందరూ అలాగే చెప్పారు. చీపురుతో నిలబడ్డ లిదియాను చూసి, నువ్వెందుకు నేర్చుకోవడం లేదని ఆఫీసరు అడిగాడు.

"నా సేతులు ఈ షెడ్డులోనే ఉడికిపోయినాయి బాబూ. సూది గుచ్చుకున్నా తెలీదు. నాకు సేతనైన పని ఇంకేటైనా సూపించండి."

పథకంలో ఉన్నది కుట్టుపనేననీ, సాయం చేస్తుంటే వంకలు పెట్టకూడదనీ ఆఫీసరు విసుక్కున్నాడు.

"తాళమేసినోడి సేతికే సాయం కూడా ఇచ్చినారు. ఇది మాకా సాయం, ఈ బాబుకా?" అంది లిదియా.

సర్వేశ్వరరావు మొహం కందగడ్డయింది. ఆమె పొద్దున్నే తాగి వస్తుందనీ, మాటలు పట్టించుకోవద్దనీ ఆఫీసరుతో అన్నాడు. తర్వాత కనక వైపు తిరిగాడు.

"నీ పక్కిల్లే కదా. చెప్పు, తాగుతుందా లేదా?"

ఆదివారం ప్రార్థన మానని లిదియా కల్లుముంత ముట్టి ఎరగదు. అది కనకకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కనక తన మిషను మీద చెయ్యి వేసి, తల దించుకుని, ఔనన్నట్టు ఊపింది.

లిదియా చీపురును సర్వేశ్వరరావు కాళ్ల దగ్గర పడేసి బయటికి నడిచింది.

నాలుగు రోజుల తర్వాత కనక లిదియా ఇంటికి వచ్చింది. మనుషులు తగ్గితే ఆఫీసు నుంచి పేచీ వస్తుందని సర్వేశ్వరరావు పంపాడట. "వచ్చి కూకుంటే సాలంట అప్పా. నీకూ మిసను ఇత్తాడంట. ఆ రోజు నాకు బయమేసింది," అంది గడప బయటే నిలబడి.

"నీకు మిసను కావాలి, తల ఊపినావు. తీసుకో. నన్ను మాత్రం అప్పా అనకు," అంది లిదియా, తలుపు వేసేస్తూ.

కనకకు మిషను వచ్చింది. కానీ ఊళ్లో కుట్టించుకునేవాళ్లేరీ? సంతలో రెడీమేడ్ బట్టలు గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. కొన్నాళ్లకు మిషను మీద గోనెపట్టా పడింది.

ఆ చలికాలం కనక కూడా కాఫీతోటలో కూలికి వచ్చింది. లిదియా అప్పటికే అక్కడ పండ్లు కోస్తోంది. మేస్త్రీ ఇద్దరినీ ఒకే సాలులో పెట్టాడు. కనక బుట్ట సగం నిండేదాకా కోసింది. తర్వాత మెల్లగా, ఆ రోజు అలా చెయ్యకుండా ఉండాల్సిందని గొణిగింది. లిదియా విన్నది. బుట్ట నడుముకు కట్టుకుని పై సాలులోకి వెళ్లిపోయింది.

మేస్త్రీ ఎందుకు మారావని గదిమితే, ఆ మనిషి పక్కన ఒళ్లు వంగదని చెప్పింది. పొద్దు వాలేదాకా కనక ఉన్న వైపు తల తిప్పలేదు.