పేరు ఒకరిది, పిలుపు ఒకరికి

నేను ఒక ట్రంకుపెట్టెను. చీరాల బజారులో మస్తాన్ అనే రేకుపనివాడు నన్ను కొట్టి, అతికి, ఆకుపచ్చ రంగు వేసి ఎండకు పెట్టాడు. నా తోటి పెట్టెలకు పెళ్లికూతుళ్లో, హాస్టలు పిల్లలో దొరికారు. నాకు మాత్రం ఇంకా నడకైనా రాని యజమాని దొరికాడు.

అతని పేరు ప్రభుదాసు. వాళ్లమ్మ దీనమ్మ పాలెంలో ఆదివారపు బడి పంతులమ్మ. పసివాడికి కోరింతదగ్గు వచ్చి ఊపిరాడక ఒళ్లు నీలంగా మారిపోయినప్పుడు, బతికితే వీణ్ణి నీ సేవకే ఇస్తానని ఆమె దేవుడికి మొక్కుకుంది. వాడు బతికాడు. ఆమె మాట తప్పే మనిషి కాదు. వెంటనే వచ్చి నన్ను కొని, మూత మీద తెల్లరంగుతో 'రెవరెండ్ ప్రభుదాసు' అని రాయించింది. రెవరెండుగారు అప్పటికి లాగు వేసుకోవడం కూడా మొదలుపెట్టలేదు. మస్తాన్ ఎంత నవ్వు ఆపుకున్నాడో నాకు తెలుసు.

ఆనాటి నుంచి ఏటేటా నాలో ఏదో ఒకటి చేరేది. ఒక తెల్ల పంచె, ఒక దుప్పటి, ఒక కంచం. పాదిరీ చదువు కోసం వేదాంత కళాశాలకు వెళ్లేనాటికి కొడుక్కి ఏ లోటూ ఉండకూడదని ఆమె పట్టుదల. ప్రభుదాసు అక్క సలోమి పొరపాటున నా మీద చెయ్యి వేస్తే, అది దేవుడి సొత్తని కసిరేది.

సలోమికి పన్నెండేళ్లప్పుడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం. ఆ పిల్ల ఇంటి వెనక మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. లోపల దీనమ్మ నన్ను ఆనుకుని కునుకు తీస్తోంది. ఉన్నట్టుండి సలోమి పరుగున వచ్చి, "పిలిచావా అమ్మా?" అంది. లేదంది తల్లి. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఈసారి తల్లి విసుక్కుంది. మూడోసారి వచ్చేసరికి వీపు మీద ఒక్కటిచ్చి, పని ఎగ్గొట్టడానికి బాగా నేర్చావని తిట్టింది. ఆ ఇంట్లో ఎవరూ పిలవలేదు. దానికి నేనే సాక్షిని.

అంతకుముందు ఆదివారమే దీనమ్మ పిల్లలకు ఒక కథ చెప్పింది. గుడిలో పడుకున్న పిల్లవాణ్ణి దేవుడు పేరు పెట్టి పిలుస్తాడు. వాడు ముసలి యాజకుడే పిలిచాడనుకుని మాటిమాటికీ ఆయన దగ్గరికి పరుగెడతాడు. మూడోసారికి ముసలాయనకు సంగతి అర్థమై, ఈసారి పిలిస్తే 'ఆలకిస్తున్నాను ప్రభూ' అని బదులు చెప్పమని నేర్పి పంపుతాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె కళ్లనీళ్లు పెట్టుకునేది. ఏదో ఒకరోజు తన కొడుకూ అలా పరుగెత్తుకొస్తాడని రాత్రీపగలూ చెవులప్పగించి ఉండేది. కూతురు వస్తే మాత్రం ఆమెకు మిరపకాయలే గుర్తొచ్చాయి.

తర్వాత సలోమి అడగడానికి రాలేదు. పని మధ్యలో ఒక్కోసారి చటుక్కున తల ఎత్తి, మళ్లీ వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గేది. ఇంటివైపు చూసేది. కాసేపటికి తల దించుకునేది. ఎండ నిలువునా పడి చీమ చిటుక్కుమనని ఆ మధ్యాహ్నాల్లో, రేకు పెట్టెనైన నాకే వణుకు పుట్టేది.

ప్రభుదాసు నాతోపాటు కళాశాలకు వెళ్లాడు. మంచి కుర్రాడు, ఎవరికీ ఎదురు చెప్పడు. ఏడాది తిరక్కముందే నన్ను భుజాన వేసుకుని తిరిగొచ్చి, తల్లి ముందు దించాడు.

"నన్నెవరూ పిలవలేదమ్మా. నువ్వు పంపావు, పోయాను."

అతను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా కుదిరాడు. సలోమికి తాపీమేస్త్రీతో పెళ్లయి, ఒంగోలు వెళ్లిపోయింది. దీనమ్మ మాత్రం ఆ కథ చెబుతూనే ఉంది. ఒక ఆదివారం 'మూడోసారి' అనే మాట దగ్గర ఆమె నోరు ఆగిపోయింది. పిల్లలు ఎదురుచూశారు. ఆమె ఇక చెప్పలేకపోయింది. ఇంటికొచ్చి నా మీద కూలబడి పొద్దుగూకేదాకా లేవలేదు.

ఆ తర్వాత ఆమెకు ఇల్లు పగబట్టినట్టయింది. గాలికి తలుపు కదిలినా "సలోమీ, వచ్చావా?" అనేది. వంట మధ్యలో ఆగిపోయి ఇంటి వెనక్కి వెళ్లి చూసేది. అక్కడ ఎవరుంటారు? ఆ పన్నెండేళ్ల పిల్ల వచ్చి అడిగితే ఈసారి ఏం చెప్పాలో ఆమెకు బాగా తెలుసు. పిల్ల మాత్రం రాలేదు. అడగవలసిన పిల్లకు తల నెరుస్తోంది.

సలోమి భర్త పోయి, పిల్లలు ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడ్డాక, దీనమ్మ నన్ను బస్సెక్కించి కూతురింటికి తీసుకెళ్లింది. మంచినీళ్లు కూడా తాగకుండా, నిలబడే చెప్పింది.

"ఆ మధ్యాహ్నం నిన్ను పిలిచింది నేను కాదే."

"తెలుసమ్మా," అంది సలోమి. "మూడోసారికే తెలిసింది."

"మరి చెప్పలేదేందే?"

"నువ్వు చెబుతావని చూశా. ఆ కథ మాకు చెప్పింది నువ్వేగా."

దీనమ్మ ఏడ్చిన ఏడుపు నేను అంతకుముందెన్నడూ వినలేదు. దేవుడు ఇంకోసారి పిలుస్తాడు, కనిపెట్టుకుని ఉండమని బతిమాలింది. సలోమి తల అడ్డంగా ఊపింది. పెళ్లయినా, పిల్లలు పుట్టినా చెవి అటే పెట్టి ఉన్నానని, మళ్లీ ఒక్కసారైనా పిలవలేదని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది.

కొండల దగ్గర కుష్ఠు రోగుల ఆశ్రమంలో, అయినవాళ్లు వదిలేసిన ముసలివాళ్లకు పుళ్లు కడగడానికి మనిషి కావాలని సంఘంలో ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఎవరూ ముందుకు రాలేదు. సలోమి వెళ్లింది. నన్నూ తీసుకెళ్లింది. ఇప్పుడు వార్డు చివర ఆమె మంచం కింద ఉన్నాను.

దీనమ్మ ఓపికున్నన్నాళ్లూ చూడటానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా, మళ్లీ పిలిచాడా అని చెవిలో అడిగేది. లేదనేది సలోమి. చివరిసారి వచ్చినప్పుడు ముసలామె ఉండబట్టలేక, పిలవనైనా పిలవని వాడి కోసం ఈ చాకిరీ ఏందే అంది. సలోమి ఒక ముసలాయన కాలికి గుడ్డ చుడుతోంది. ముడి వేయడం పూర్తయ్యాక తల్లివైపు తిరిగింది.

"అప్పుడు పిలిచాడు గదమ్మా. నేనింకా పలకలేదు. ఇప్పుడు పలుకుతున్నా."