కౌశల్ పాట్‌లో పెద్దల పండగ కాఫీ

నా చేతి డికాషన్ వాసనకు బెంగళూరు దేవనహళ్ళిలో దిగాల్సిన విమానం దారి తప్పి, మా కుందలహళ్ళి మీద చుట్టు తిరిగిపోయింది. కాఫీలో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు.

ఈ కోతలు పడలేకే పెద్దల అమావాస్యనాడు మా అక్కయమ్మ మోకా పాట్ నా చేతిలో పెట్టింది. అది మా అల్లుడు కౌశల్‌ది. కింద నీళ్ళు, నడుమ జల్లెడలో పొడి. స్టవ్ మీద పెడితే ఆవిరి తోసి డికాషన్ పై గిన్నెలోకి వస్తుంది. కౌశల్ పోయిన ఏడు వేసవిలో గుండె ఆగి పోయాడు. ఇప్పుడే మొదటిసారి పెద్దల్లో కలుపుతున్నాం. పోయినవాళ్ళకు ఇష్టమైనది పెట్టడం మా ఆచారం. మా నాయనకు బీడీలు, మా అమ్మకు వక్కాకు, కౌశల్‌కు కాఫీ.

మా కూతురు హరిణి అప్పట్నుంచి ఆ పాట్ ముట్టలేదు. ఏడవనూ లేదు. ఆఫీసుకు పోతుంది, వస్తుంది, పెట్టింది తింటుంది. ఆ పొద్దున మాత్రం, "ఆయన కాఫీ ఆయన పాట్‌లోదే పెట్టాల నాయనా. వేరేది వద్దు" అంది. ఇన్నాళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

చికోరీ కలిసిన పొడి నిండా పోసి, ఫిల్టర్‌లో అదిమినట్టే బొటనవేలితో గట్టిగా అదిమి, బిగించి, మంట పెద్దది చేశాను. పైకి చుక్క రాలేదు. ఎక్కువైన ఆవిరి పోడానికి కింది గిన్నె పక్కనున్న బొడిపె బుస్సుమంది.

"ఏందిరా, పామును ఉడకేసినావా?" అక్కయమ్మ తలుపు చాటుకు పోయింది.

"ఇటలీ పాత్ర గదక్కా, మన మాట వినదు."

"పాత్ర బాగానే ఉండాదప్పా. నీ నోరే పెద్దది."

నిజమే. మా ఇంట్లో నన్నెవరూ స్టవ్ దగ్గరికి రానివ్వరు. నేను తాగడంలోనే ఘనుణ్ణి. ఆ విమానం తిరిగింది మబ్బు పట్టి.

హరిణి వచ్చి స్టవ్ ఆపింది. పాట్ చల్లారేదాకా నిలబడి, విప్పి, నల్లటి బురదంతా వట్టి నీళ్ళతో కడిగింది. రబ్బరు వాషర్‌ను వేలితో తడిమి మళ్ళీ అమర్చింది.

"నీళ్ళు బొడిపె కిందికే. పొడి అదమగూడదు. చికోరీ వద్దు. మంట సన్నగా." అప్పజెప్పినట్టు చెప్పింది.

"అల్లుడు నేర్పినాడామ్మా?"

"లేదు. రోజూ చేస్తావుంటే చూసినా."

చికోరీ లేని పొడి వేసి తానే స్టవ్ మీద పెట్టి, గుడగుడమనగానే దించి రెండు కప్పుల్లో పోసింది. ఒకటి ఫోటో ముందు పెట్టి, రెండోది తాను తాగింది.

"ఎట్లుండాదమ్మా?"

"తెలీలేదు నాయనా."

పాట్ కడిగి, భాగాలు విడివిడిగా గుడ్డమీద ఆరబెట్టింది. ఫోటో ముందున్న కప్పు నా చేతికిచ్చి, "మేడ మీద కాకికి నువ్వే పెట్టిరా" అంది.

ఖాళీ కప్పుతో దిగొచ్చాను.

"తాగిందా?"

"తాగకేం! పిట్టగోడ మీద వాలి, ముక్కు ముంచి, నాపక్క తిరిగి, 'ఇది నువ్వు చేసింది కాదులే' అన్నట్టు తలాడించి పోయింది."

హరిణి కాసేపు కప్పులోకి చూసింది. "సరే" అని కడగడానికి తీసుకుపోయింది.

ముందే ఒప్పుకున్న కోతలు పోగా, ఈ కథలో నేనల్లింది కాకినొక్కదాన్నే. చాలాసేపు చూశాను, ఏ పిట్టా రాలేదు. చల్లారిన ఆ కాఫీ తాగింది నేను.